ముందువైపు చుక్కలు

చింతామణి
18 జూన్ 2024, మంగళవారం

బావకు,

ఇక్కడ అందరం బాగున్నాం. నిన్న సాయంత్రం అరగంట వాన పడింది. ప్రేమకు మోకాలి నొప్పి తగ్గింది. అక్క పంపిన చింతకాయ తొక్కు సగం అయిపోయిందని చెప్పు.

ఆదివారం నువ్వు నాలుగున్నర బస్సుకు లేచి వెళ్లిపోయావు, ఫలితాలు వినలేదు. సీజను తొలి ఆట కాబట్టి మూడూళ్ల నుంచీ జనం వచ్చారు. పదహారు జోడీలు, ఇరవై నాలుగు బోర్డులు. గురప్ప, తిమ్మరాయప్ప మొదటి స్థానం, పోయిన మూడేళ్లలాగే. మనం ఏడో స్థానం. చిక్కబళ్ళాపురం సుజాతమ్మ ఈ ఏడాది కూడా కార్యదర్శిగా ఉండటానికి ఒప్పుకుంది. ఆ లెక్కల టీచరమ్మ లేకపోతే మన బ్రిడ్జి పేకాట సంఘం ఎప్పుడో మూతపడేది.

పద్నాలుగో బోర్డు పంపకం సంగతి. గురప్ప ఆటీను ఆడాడు. నువ్వు డైమన్ వేశావు. మూడు పట్టుల తర్వాత నీ చేతిలోంచి ఆటీను రాజు బయటికి వచ్చింది. అడిగిన జాతి చేతిలో ఉండగా వేరే జాతి వేయకూడదని నేను నీకు ఆట నేర్పిన మొదటి రోజే చెప్పాను. గురప్ప శిక్ష అడిగాడు, రెండు పట్టులు ఇచ్చాం. అందుకు బాధ లేదు. ఇంటికి వచ్చి నా రోజువారీ పుస్తకాలు తిరగేశాను. 1997 నుంచి మనం కలిసి ఆడిన బోర్డులన్నీ వాటిలో ఉన్నాయి. సంఘం ఆటల్లో ఈ తప్పు నువ్వు ఇంతకుముందు ఒక్కసారి కూడా చేయలేదు. ఎందుకు జరిగింది?

ఫోను చేసి అడగవచ్చు. కానీ అక్క పెట్టిన రూలు ఉంది: "మీరు ఆట గురించి నోటితో మాట్లాడితే కొట్లాడతారు. రాసుకోండి." తెలుగులో రాసుకోవడం వల్ల ఇంకో మేలు కూడా ఉంది. పొట్లాలు కట్టే కాగితాల మీద నేను, కదిరి బస్సుల బోర్డుల మీద నువ్వు నేర్చుకున్న అక్షరాలు ఇవి. కన్నడ బడికి పోయిన మన పిల్లలకు రావు. ఇంట్లో ఎవరైనా చదువుతారన్న భయం లేకుండా నిన్ను తిట్టవచ్చు.

తిట్టడం లేదు. అడుగుతున్నాను.

జూలై ఆట మీ బాగేపల్లిలో. సంఘం రేకు పెట్టె, ఇరవై నాలుగు పేక కట్టలతో సహా, శనివారం బస్సులో పంపుతాను. కండక్టరు మంజునాథకు చెప్పి ఉంచాను.

నీ బామ్మర్ది,
సుబ్బరాయప్ప

*

బాగేపల్లి
27 జూన్ 2024

సుబ్బరాయా,

తొక్కు సగం అయిపోయిందంటే మీ అక్క మురిసిపోయింది. మిగతా సగం నీకు కనబడకుండా ప్రేమ దాచి ఉంటుంది, అది వేరే మాట. ఇక్కడ వాన లేదు. గడిదం వైపు నల్లగా మూసుకొస్తుంది, మనం బట్టలు లోపల వేసుకుంటాం, అది పోతుంది.

ఏడో స్థానమైతే ఏమైంది? ముప్పై ఒక్క ఏళ్లు బస్సు నడిపాను. ఒక కోడిపిల్లను తొక్కలేదు. డిపోలో నన్ను డేగకన్ను మునికృష్ణప్ప అనేవాళ్లు. గేటు దాటేటప్పుడు ఎన్నో స్థానంలో ఉన్నామని ఎవడూ చూడడు, ఊరు చేరామా లేదా అంతే. జూలైలో చూపిస్తాను.

పెట్టె వచ్చింది. మంజునాథ ఇంటి దాకా మోసుకొచ్చి దించాడు. ముక్కల్ని నేను జాగ్రత్తగా చూసుకుంటాను, నువ్వు దిగులు పడొద్దు.

అక్షరాలు పెద్దగా ఉన్నాయని అనుకోవద్దు. పెన్ను లావుది.

నీ బావ

*

చింతామణి
24 జూలై 2024, బుధవారం

బావకు,

మనం మొదటి స్థానం. అక్కడే విన్నావు గానీ కాగితం మీద చూసుకుంటే వేరుగా ఉంటుందని రాస్తున్నాను. ఇరవై ఏడేళ్లలో ఒక ఆటలో మనం మొదట రావడం ఇది నాలుగోసారి. ఆరో బోర్డులో నువ్వు కళావరు రాణిని దాచిపెట్టి, గురప్ప చేత తొందరపడి రాజును ఆడించిన తీరుకు నా పుస్తకంలో ఒక పేజీ పట్టింది. అక్క పెట్టిన ముద్ద, ఉలవల చారు గురించి చిక్కబళ్ళాపురం వాళ్లు ఇంకా చెప్పుకుంటున్నారట. సీజను మొత్తం మీద ఇప్పుడు మనం రెండో స్థానంలో ఉన్నాం. ఇంకా నాలుగు ఆటలు మిగిలాయి. ఈ ఏడాది కప్పు గురించి ఆలోచించవచ్చు. నేను ఇలాంటి మాట ఎప్పుడూ రాయలేదని నీకు తెలుసు.

కాగితం తిప్పు.

ఆట అయ్యాక పెట్టె సుజాతమ్మతో చిక్కబళ్ళాపురం వెళ్లింది కదా. సోమవారం ఆమె కట్టలు విప్పి ముక్కలు లెక్కపెట్టింది. డైమన్, కళావరు ముక్కల మూలల్లో నీలం సిరా చుక్కలు ఉన్నాయట. ఒక కట్టలో కాదు, ఇరవై నాలుగు కట్టల్లోనూ. నాకు ఫోనులో చెప్పింది. ఆట రోజు అవి నా కంటబడలేదు, ఆ తర్వాత నేను ముక్కల్ని చూడలేదు. ఈలోగా గురప్పకు తెలిసింది. ఆయన అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "ముక్కలు యాడుండె? బాగేపల్లిలో. గెలిచిందెవరు? అది గూడా నేనే చెప్పాల్నా?"

సంఘం వాళ్లు కలిసి, విచారించి రాసిచ్చే పని నాకు అప్పగించారు. జోడీలో ఒకడు ఇంకొకడిని విచారించడమేమిటని గురప్ప అడ్డుపడ్డాడు. సుజాతమ్మ ఒప్పుకోలేదు. "ఆయప్ప పుస్తకంలో ఉన్నదే ఉంటాది" అన్నది. విచారణ అయ్యేదాకా ఎవరూ నీకు ఫోను చేయకూడదని కూడా చెప్పింది. అందుకని అడుగుతున్నాను. పెట్టె మీ ఇంట్లో ఎక్కడ ఉంచావు? తాళం వేశావా? నెలలో ఎవరెవరు వచ్చారు? పెట్టె ఎవరైనా తెరిచారా? నువ్వు చుక్కలు చూశావా? ఈ ఐదింటికి జవాబు రాయి. ఎవరో పిల్లలు ఆడుకుని ఉంటారని నా నమ్మకం.

సుబ్బరాయప్ప

*

బాగేపల్లి
2 ఆగస్టు 2024

సుబ్బరాయా,

కప్పు అన్నావా? నీ చేత్తో రాశావా ఆ మాట? మీ అక్కకు చెబితే, "మా తమ్మునికి జొరం గిరం వచ్చిందేమో కనుక్కో" అంటుంది. కళావరు రాణికి ఒక పేజీ ఇచ్చావని విని నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

ఒక మాట విను. ఆ కట్టలు మనకు కలిసొచ్చాయి. సీజను అయ్యేదాకా వాటితోనే ఆడదాం. కొత్త కట్టలు కొందామని ఎవరైనా అంటే నువ్వు ఒప్పుకోవద్దు. సుజాతమ్మకు నువ్వు చెబితే వింటుంది. పాత ముక్కలు చేతికి అలవాటైనవి, వాటిని మార్చకూడదు.

మా వినుతకు బడిలో ఈ ఏడాది ఒకటో తరగతి పిల్లల్ని ఇచ్చారు. అక్షరాలు దిద్దించీ దిద్దించీ గొంతు పోయిందని వచ్చి పడుకుంటుంది. మిగతా అంతా క్షేమం.

నీ బావ

*

చింతామణి
7 ఆగస్టు 2024

బావకు,

నేను ఐదు ప్రశ్నలు అడిగాను. నువ్వు ఒక్కదానికీ జవాబు రాయలేదు. పైగా ఆ ముక్కలు మార్చవద్దని రాశావు. చుక్కలు పెట్టిన ముక్కలు.

ఈ ఉత్తరం నేను ఎవరికైనా చూపిస్తే ఏమనుకుంటారో ఆలోచించు. జూలై పాయింట్లు కొట్టేయాలని, నిన్ను సంఘం నుంచి తీసేయాలని గురప్ప రాసిచ్చాడు. పద్దెనిమిదో తేదీ చిక్కబళ్ళాపురంలో నేను లేచి చెప్పాలి. ఏం చెప్పను?

సుబ్బరాయప్ప

*

బాగేపల్లి
12 ఆగస్టు 2024

సుబ్బరాయప్పకు,

చుక్కలు పెట్టింది నేను. ఇరవై నాలుగు కట్టలకూ నేనే పెట్టాను. ఎవరూ సాయం రాలేదు, ఎవరికీ తెలియదు. ఎందుకని అడగవద్దు.

నిన్ను మోసం చేయడానికి పెట్టలేదు. అది నువ్వు నమ్మకపోతే ఇరవై ఏడేళ్లు నీ ఎదురుగా కూర్చుని ఏం లాభం? గురప్ప అంటే నాకు లెక్కలేదు. నువ్వు "ఏం చెప్పను" అని రాశావు. అది చాలు నాకు.

సంఘంలో నా పేరు కొట్టేయమను. నువ్వు వేరే జోడీ చూసుకో. బట్లహళ్ళి పురుషోత్తమ్ బాగా ఆడతాడు, కళ్లు కూడా చురుకు.

మునికృష్ణప్ప

*

చింతామణి
20 ఆగస్టు 2024

బావా,

ఈ ఉత్తరం పద్నాలుగు కాగితాలు.

కాగితానికి ఐదు పంక్తులే రాశాను. పక్క సందులో పెయింటరు దగ్గర బ్రష్షు తెచ్చుకున్నాను. చేయి నొప్పి పుడితే ఆగి, మళ్లీ రాశాను.

ఆదివారం నేను ఆడలేదు. జోడీ లేదు కాబట్టి లెక్క రాస్తూ కూర్చున్నాను. మధ్యాహ్నం సుజాతమ్మను అడిగి ఒక కట్ట విప్పాను.

చుక్కలు వెనకవైపు ఉన్నాయని ఇన్నాళ్లూ అనుకున్నాను. లేవు. బొమ్మవైపు ఉన్నాయి.

మోసం చేసేవాడు వెనక పెడతాడు. ఎదుటివాడి చేతిలో ఏముందో తెలియడానికి. ముందువైపు పెట్టినది పట్టుకున్నవాడికే కనిపిస్తుంది. తన ముక్క ఏదో తనకే తెలియనివాడికి తప్ప అది ఎవరికీ పనికిరాదు.

ఇంటికి వచ్చి పుస్తకం తీశాను. జూన్‌లో ఆటీను బదులు డైమన్. మార్చిలో మా ఇంట్లో ఊరికే ఆడినప్పుడు ఇస్పేటు బదులు కళావరు. ఎర్రది ఎర్రదానితో, నల్లది నల్లదానితో. ఒక్కసారీ ఎరుపుకు నలుపు కలవలేదు.

తర్వాత నీ ఉత్తరాలు తీశాను. నేను మొదటి పేజీలో రాసినదానికే నువ్వు జవాబు రాశావు. ప్రశ్నలు రెండో పేజీలో ఉన్నాయి.

నీ పెన్ను లావుది కాదు.

నీ కన్ను గురించి నేను ఎవరికీ చెప్పలేదు. నీ పోయిన ఉత్తరం నా పుస్తకంలోనే ఉంది. సంఘాన్ని ఒక నెల గడువు అడిగాను. సెప్టెంబరు పదిహేనున ఇక్కడ ఆట. ఆ రోజు చెప్పాలి. నువ్వు ఒప్పుకుంటే చెబుతాను. వద్దంటే నేనూ పేరు కొట్టేయించుకుంటాను.

"ఏం చెప్పను" అని అడిగింది తెలియక. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

పురుషోత్తమ్ మంచివాడే. నాకు అక్కర్లేదు.

సుబ్బరాయప్ప

*

బాగేపల్లి
2 సెప్టెంబరు 2024

సుబ్బరాయా,

ఎంత పని చేశావు. దేవుడి ఊరేగింపు బ్యానరు మాదిరి పద్నాలుగు కాగితాలు పంపితే ఇంట్లో దాచేదెట్లా? పోస్టుమ్యాన్ ఇచ్చేసరికి వసారాలో కూర్చుని ఉన్నాను. ఒక్కొక్కటీ చదివి పక్కన పెట్టాను. భూతద్దం లేకుండా, ఎండలోకి పోకుండా చదివాను. ఒక ఉత్తరాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివి ఎన్నాళ్లయిందో నీకు చెప్పలేను. గాలికి రెండు కాగితాలు ఎగిరిపోయి వినుత కాళ్ల దగ్గర పడ్డాయి.

దానికి తెలుగు రాదని ధీమాగా ఉన్నాను. కన్నడ అక్షరానికీ దీనికీ తలకట్టే తేడా అంట. ఒకటో తరగతి టీచరు కదా, వేలు పెట్టి ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంది. "కన్ను" అని చదివింది. "ఎవరికీ చెప్పలేదు" అని చదివింది. తర్వాత నా ముందుకు వచ్చి నిలబడింది.

"ఎన్నాళ్లుగా కనపడ్లేదప్పా నీకు?"

నేను కాగితాలు సర్దుతుంటే మళ్లీ అడిగింది.

"నేను ఒంటిగేటు దగ్గర బస్సు దిగితే, ఈడ నుంచి చెయ్యి ఊపుతాండావు గదా రోజూ. ఎవరికి ఊపుతాండావు?"

నిజం చెప్పాను. చీర కట్టుకుని ఎవరు దిగినా ఊపుతున్నానని చెప్పాను. అది నవ్వింది, వెంటనే ఏడ్చింది. మీ అక్క మాత్రం పొయ్యి దగ్గర నుంచి లేవకుండానే, "నాకు ఉగాదప్పుడే తెలుసు. బెల్లమని ఉప్పు వేసుకున్నాడు" అన్నది. ముప్పై ఎనిమిదేళ్ల కాపురం. ఒక్క మాట అడగలేదు. నేనే చెప్పాలని కాచుకుని ఉన్నిందట.

మర్నాడు వినుత సెలవు పెట్టి కంటి ఆసుపత్రికి తీసుకుపోయింది. షుగరు వల్ల కంటి మధ్యలో దెబ్బతిన్నదన్నారు. పోయింది తిరిగి రాదు. నెలకొక సూది వేయించుకుంటే ఉన్నది నిలుస్తుంది, ఇంకొంచెం తేటపడినా పడవచ్చు అన్నారు. ఒకటి వేశారు. కంట్లో సూది అంటే భయపడ్డాను గానీ గురప్ప నోటికన్నా నొప్పి తక్కువే.

ఇక చుక్కల సంగతి. అంకెలు ఎట్లో తెలుస్తాయి సుబ్బరాయా. ఆకారాలు కలిసిపోతాయి. జూన్‌లో ఆటీను రాజు నా చేతిలో డైమన్ రాజుగా ఉండింది. గురప్ప శిక్ష అడిగినప్పుడు నువ్వు నా వైపు చూడకుండా ముక్కలు సర్దుకున్నావు. నీ మర్యాద నీది. కానీ నువ్వు ఒక మాట తిట్టి ఉంటే అక్కడే చెప్పేసి ఉండేవాణ్ని. పెట్టె ఇంటికి వచ్చాక రోజూ పొద్దున మేడ మీద ఎండలో కూర్చుని, భూతద్దం పెట్టి చుక్కలు పెట్టాను. ఎర్రదానికి చుక్క ఉంటే డైమన్, లేకపోతే ఆటీను. నల్లదానికి ఉంటే కళావరు, లేకపోతే ఇస్పేటు. కట్టకు ఇరవై ఆరు. మొత్తం ఆరు వందల ఇరవై నాలుగు చుక్కలు. పంతొమ్మిది రోజులు పట్టింది. డేగకన్ను మునికృష్ణప్పకు కనపడదని ఎవరికీ చెప్పడం కన్నా అది సులభం అనిపించింది.

చెప్పకుండా పెట్టడం తప్పేనని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు చుక్క సరిగ్గా మూలన పడిందా లేదా అన్నదే ఆలోచన.

నా తరఫున నువ్వు చెప్పవద్దు. నేనే వచ్చి చెబుతాను. తర్వాత కూర్చోనిస్తే ఆడతాను. కూర్చోనివ్వకపోతే తిరుగు బస్సు ఉంది.

మునికృష్ణప్ప

తా.క. వినుత తెలుగు నేర్పమంటోంది. "అ" దగ్గర ఉన్నాం. నేను దిద్దిస్తుంటే తను చేసే తప్పులు చూసి, పిల్లల మీద కోపం తగ్గిందంట.

*

చింతామణి
17 సెప్టెంబరు 2024

బావకు,

బ్రష్షుతోనే రాస్తున్నాను. ఈసారి తొమ్మిది కాగితాలు.

నీ మాట అయిన వెంటనే వెళ్లిపోయావు. బయటికి వచ్చి చూసేసరికి ఆటో మలుపు తిరిగింది. ఆటకు ఉంటావని రెండు కుర్చీలు వేసి ఉంచాను. కాబట్టి నువ్వు లేచిన తర్వాత జరిగింది రాస్తాను.

"ఆటీనుకూ డైమన్‌కూ తేడా కనపడ్లేదు. చెప్పడానికి సిగ్గయింది" అని నువ్వు అన్న మాట దగ్గరే అందరూ ఆగిపోయారు. అప్పుడు నేను లేచాను. సంఘంలో నేను లేచి మాట్లాడటం ఇదే మొదటిసారి. ముందువైపు, వెనకవైపు సంగతి చెప్పాను. పుస్తకంలోని రెండు బోర్డులు చదివాను. అంతకన్నా చెప్పడానికి ఏమీ లేదు, కూర్చున్నాను.

గురప్ప ఒక కట్ట అడిగాడు. పదమూడు ముక్కలు చేతిలో పరిచి పట్టుకున్నాడు. కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. కాసేపు చూశాడు. మళ్లీ సర్ది చూశాడు. ఇంకేం అంటాడోనని నేను చూస్తున్నాను.

"జూలైలో నేను ఒక్క ముక్క గూడా తప్పుగా వెయ్యలా" అన్నాడు. "ఎందుకా అనుకుంటా ఉన్నింటి. తిమ్మరాయప్పా, నువ్వు పట్టుకో."

తిమ్మరాయప్ప పట్టుకున్నాడు. తర్వాత ఇంకొకరు. కట్ట బల్లల మీదుగా తిరిగింది. నిన్న కూర్చుని లెక్క వేశాను, మన సంఘంలో సగటు వయసు అరవై ఎనిమిది. నలుగురు తమకు ఏడాది నుంచీ ఇస్పేటుకూ కళావరుకూ తేడా తెలియడం లేదని ఒప్పుకున్నారు. వాళ్లలో ఇద్దరు జోడీ. ఒకరికొకరు చెప్పుకోలేదు.

సుజాతమ్మ తీర్పు ఇది. నా పుస్తకంలో దింపుకున్నాను: "చుక్కలు తప్పు గాదు. చెప్పకుండా పెట్టింది తప్పు. అందుకు జూలై పాయింట్లు పోతాయి. చుక్కలు అట్లే ఉండనీ."

కాబట్టి మన మొదటి స్థానం పోయింది. కప్పు ఈ ఏడాది రాదు. ఆ పేజీని నేను కొట్టేయలేదు. పక్కన ఈ తీర్పు రాసి పెట్టాను. కళావరు రాణి అక్కడే ఉంది.

ఇకమీదట మూడూళ్ల ఆటలన్నిట్లో డైమన్, కళావరు ముక్కలకు మూలన చుక్క ఉంటుంది. కొన్ని చుక్కలు పలచబడ్డాయని పన్నెండు కట్టలు గురప్ప ఇంటికి పట్టుకుపోయాడు, మళ్లీ పెట్టి తెస్తానని. పోతూ నా దగ్గర ఆగి, "మీ బావకు చెప్పు. అక్టోబరులో ఆయప్ప రాకుంటే నేను గెలిచినా గెలిచినట్టుండదు" అన్నాడు. చెప్పమన్నాడు కాబట్టి చెబుతున్నాను.

అక్టోబరు ఆట మీ ఊళ్లోనే. నువ్వు ఆటో ఎక్కి పారిపోవడానికి కుదరదు.

సుబ్బరాయప్ప

*

బాగేపల్లి
19 నవంబరు 2024

సుబ్బరాయా,

ఈ ఉత్తరం నేను చెబుతుంటే వినుత రాస్తోంది. అక్షరాలు గుండ్రంగా ఉంటే అది తన గొప్ప, వంకరగా ఉంటే నేర్పిన నా తప్పు అంట. నీ ఉత్తరాలు ఇప్పుడు అదే చదివి వినిపిస్తుంది. బ్రష్షు ఇక పక్కన పెట్టు, రంగు దండగ. రెండో పేజీ కూడా రాయవచ్చు.

మూడో సూది అయింది. అక్షరాలు పెద్దవైతే పట్టగలుగుతున్నాను. మొన్న ఒంటిగేటు దగ్గర బస్సు దిగింది వినుతే అని చెయ్యి ఊపాను. వినుతే.

ఆదివారం చిక్కబళ్ళాపురంలో ఆఖరి ఆట బాగా జరిగింది. సీజను మొత్తానికి మూడో స్థానం అంటే, జూలై పాయింట్లు పోయి కూడా, తక్కువ కాదు. గురప్ప కప్పు ఎత్తుకుని నా దగ్గరికి వచ్చి, "పట్టుకో, బరువెంతుండాదో చూడు, వచ్చే ఏడాది అలవాటు కావాల గదా" అన్నాడు. వాడి మాట తీరు మారదు. పట్టుకున్నాను. బరువుగానే ఉంది.

ఇక అసలు సంగతి. రెండు రోజులుగా మనసులో తిరుగుతోంది. తొమ్మిదో బోర్డు. ఐదో పట్టులో తిమ్మరాయప్ప ఆటీను ఆడాడు. నువ్వు వేసిన నల్ల ముక్క మూలన నాకు చుక్క కనిపించింది. అంటే నీ దగ్గర ఆటీను లేదనుకున్నాను. తొమ్మిదో పట్టులో నీ చేతిలోంచి ఆటీను ఏడు వచ్చింది.

అక్కడే అడగాల్సింది. అడగలేదు. నా కన్నే తప్పు చూసి ఉంటుందనుకున్నాను. ఇరవై ఏడేళ్లలో నువ్వు అట్లా వేసినవాడివి కావు. కానీ కళ్లు మూసుకుంటే ఆ చుక్క ఇంకా అక్కడే ఉంది.

నువ్వు ఆ రోజంతా నా చేతి వైపే చూస్తూ కూర్చున్నావు. నేను ముక్క తీసిన ప్రతిసారీ నీ ఊపిరి ఆగడం నాకు వినిపించింది. నీ ముక్కలు నువ్వు చూసుకున్నావో లేదో నాకు తెలియదు.

పుస్తకం తీసి చూడు. నా కన్ను తప్పా, నీ చెయ్యి తప్పా? ఉన్నది రాయి. నా మీద జాలిపడి రాయవద్దు.

నీ బావ

మామకు వినుత నమస్కారాలు. ఇది అప్పా చెప్పకుండా నేను రాస్తున్నాను. ఆయన నిన్నటి నుంచి నాలుగుసార్లు ఆ కళావరు ముక్కలు పరిచి నాకు చూపించినాడు. ఉత్తరం తొందరగా రాయండి.

*

చింతామణి
23 నవంబరు 2024, శనివారం

బావకు,

ఉత్తరం నిన్న అందింది. నిలబడే చదివాను. వినుత అక్షరం బాగుంది. నీకన్నా బాగుంది.

పుస్తకం తీశాను. ప్రతి ఆట తర్వాత ఇంటికి రాగానే జ్ఞాపకం మీద రాసేది అది. తొమ్మిదో బోర్డు, ఐదో పట్టు: నాది కళావరు మూడు. తొమ్మిదో పట్టు: నాది ఆటీను ఏడు. నా చేత్తోనే రాశాను. రాసేటప్పుడు కూడా చూసుకోలేదు.

నీ కంటికి తప్పు లేదు.

ఈ రోజు పొద్దున బస్సెక్కి చిక్కబళ్ళాపురం వెళ్లి వచ్చాను. ఫోను చేయవచ్చు గానీ ఇలాంటిది ముఖం చూసి చెప్పాలి. సుజాతమ్మ ఆ బోర్డును మళ్లీ లెక్కవేసి ఒక పట్టు తీసేసింది. మనం మూడు నుంచి నాలుగుకు దిగాం. మనం దిగినందువల్ల పైకి వచ్చినవాళ్లు బట్లహళ్ళి పురుషోత్తమ్ జోడీ. వాళ్లకు ఆమే చెబుతుంది.

ఇట్లాంటివి సంఘం పుస్తకంలో రాయాలి. తేదీ, బోర్డు, ఎవరి తప్పు అని రాసింది. నా పేరు చెప్పాను. కనిపెట్టిందెవరు అని అడిగింది. బల్ల దగ్గర ఉన్న నలుగురిలో ఎవరని. చెప్పాను. ఆమె పెన్ను ఆపి నా ముఖం చూసింది.

"ఆయప్పకు కనపడదు గదా?"

"కనపడింది" అన్నాను.

ఇంకేం అడగలేదు. రాసింది. ఆ పంక్తిని నా పుస్తకంలోకి దింపుకుని వచ్చాను. వినుతను నిదానంగా చదవమను:

"తప్పు చేసినవారు: సుబ్బరాయప్ప, చింతామణి. చూసినవారు: మునికృష్ణప్ప, బాగేపల్లి."

జూన్ తొలి ఆటకు ఇంకా ఏడు నెలలుంది. ఈలోగా నా ముక్కలు నేను చూసుకోవడం నేర్చుకుంటాను.

నీ జోడీ,
సుబ్బరాయప్ప